బిళ్ళ కట్టిందా.. ముక్క పరీక్షే కీలకం
లింఫోమా చికిత్సకు దారి చూపే ‘సీడీ20’ జన్యువు
దానిపై పనిచేసే మందును చౌకగా అందించడంలో హైదరాబాద్‌కు తొలి స్థానం

డోన్: చేలో కాలికి ముల్లు గుచ్చుకుని పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పన్ను పుచ్చినా, గొంతు వాచినా దవడ కింద బిళ్ళ తేలుతుంది. పుండు మానగానే అదీ కరిగిపోతుంది. పల్లెల్లో ఇది అందరికీ అనుభవమే. అయితే ఏ పుండూ లేకుండా, నొప్పి కూడా లేకుండా మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్ళ కట్టి, వారాలు గడిచినా తగ్గకుండా పెరుగుతుంటే దానిని తేలికగా తీసుకోరాదు. అది క్షయ కావచ్చు, లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. రెండింటికీ మందులున్నాయి. కానీ ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

లింఫోమాలోనూ ఏ రకానికి ఏ మందు అన్నది తేలాలంటే కణం పైపొరపై ఒక గుర్తు ఉందో లేదో చూడాలి. ఆ గుర్తు పేరు ‘సీడీ20’. దానిని తయారుచేసే జన్యువు పేరు ‘ఎంఎస్4ఏ1’. గత పాతికేళ్లలో లింఫోమా చికిత్స స్వరూపాన్ని మార్చివేసినది ఈ ఒక్క జన్యువే. దాని కథలో తెలుగువారి పాత్ర కూడా ఉంది.

కాపలా కణాలు

రక్తంలోని తెల్లకణాలలో ‘బీ కణాలు’ ఒక తెగ. ఎముకల మూలుగలో పుట్టి, రక్తంలోను, ప్లీహంలోను, మెడ, చంక, గజ్జల్లోని లింఫ్ గ్రంథులలోను కాపలా కాస్తుంటాయి. పరాయి సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించినప్పుడు దానిని గుర్తుపట్టిన బీ కణం చకచకా విభజన చెంది వేల సంఖ్యలో పెరుగుతుంది. వాటిలో కొన్ని ‘ప్లాస్మా కణాలు’గా మారి ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేస్తాయి. మరికొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి, అదే శత్రువు మళ్లీ వస్తే వెంటనే స్పందిస్తాయి. టీకాలు పనిచేసేది ఈ సూత్రం మీదనే. జబ్బు చేసినప్పుడు బిళ్ళ కట్టడమంటే గ్రంథిలో ఈ కణాల సంఖ్య పెరగడమే.

ఇలా వేగంగా విభజన చెందే క్రమంలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. ప్రతిరక్షకాల తయారీ కోసం బీ కణం తన జన్యుపదార్థాన్ని తానే కోసి, అతికించుకుంటుంది. ఆ అతుకులో పొరపాటు జరిగితే ఒక క్రోమోజోము ముక్క మరొక క్రోమోజోముకు అంటుకుంటుంది. 14వ క్రోమోజోముపై ప్రతిరక్షకాల జన్యువు ఎప్పుడూ చురుకుగా ఉంటుంది. 8వ క్రోమోజోముపై ఉండే ‘మిక్’ జన్యువు వచ్చి దాని పక్కన చేరితే కణ విభజనకు అదుపు ఉండదు. ఫలితం బర్కిట్ లింఫోమా. 18వ క్రోమోజోముపై ఉండే ‘బీసీఎల్2’ వచ్చి చేరితే చావవలసిన కణం చావదు. ఫలితం ఫాలిక్యులర్ లింఫోమా.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. వ్యాధికి కారణాలు ఇటువంటి జన్యు మార్పులు. సీడీ20 కారణం కాదు, కేవలం గుర్తు. సంతలో పశువుకు వేసిన ముద్ర దాని యజమాని ఎవరో చెబుతుంది తప్ప దాని రోగాన్ని చెప్పదు. సీడీ20 కూడా ‘ఇది బీ కణం’ అని మాత్రమే చెబుతుంది. ఆ సమాచారమే వైద్యానికి ఆయుధమైంది.

అన్ని కణాలలో ఉన్నా..

ఎంఎస్4ఏ1 జన్యువు 11వ క్రోమోజోముపై ఉంటుంది. శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణంలోనూ ఈ జన్యువు ఉన్నా, కాలేయ కణం గానీ, గుండె కణం గానీ దానిని తెరవవు. జన్యువులన్నీ కలిసి ఒక పెద్ద గ్రంథమనుకుంటే ఏ కణం తనకు కావలసిన పుటలనే చదువుకుంటుంది. ఎంఎస్4ఏ1 పుటను తెరిచేవి ప్రధానంగా బీ కణాలే. ఆ జన్యువు ఆదేశం మేరకు 297 అమైనో ఆమ్లాల ప్రోటీను తయారై కణపు పైపొరలో నాలుగు కుట్లు వేసినట్లు కూర్చుంటుంది. అదే సీడీ20.

బీ కణం జీవితంలో ఈ ముద్ర కనిపించే కాలం ముఖ్యమైనది. మూలుగలోని మూలకణాలపై ఇది ఉండదు. బీ కణం కాస్త ఎదిగాక కనిపిస్తుంది. జ్ఞాపక కణాల వరకు కొనసాగుతుంది. ప్రతిరక్షకాలు తయారుచేసే ప్లాస్మా కణంగా మారేటప్పుడు మాయమవుతుంది. అంటే ఈ ముద్ర ఉన్న కణాలన్నింటినీ తొలగించినా విత్తనం వంటి మూలకణాలు భద్రంగా ఉంటాయి. అప్పటికే ప్రతిరక్షకాలు ఇస్తున్న ప్లాస్మా కణాలూ మిగులుతాయి. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు కొత్త బీ కణాలు మళ్లీ పుడతాయి. పైగా సీడీ20 కణం నుంచి సులభంగా ఊడిపోదు, లోపలికి ముడుచుకుపోదు. మందుకు ఇంతకంటే అనువైన గురి దొరకడం అరుదు.

బోస్టన్‌లో గుర్తింపు

ఈ గుర్తును 1980లో అమెరికాలోని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు చెందిన లీ నాడ్లర్, స్టువర్ట్ ష్లాస్‌మన్ తదితరులు ప్రకటించారు. అప్పుడు దాని పేరు ‘బీ1’. దానిని తయారుచేసే జన్యువు వరుసను 1988లో మూడు పరిశోధక బృందాలు వేర్వేరుగా వెలికితీశాయి.

ఆ సంస్థ పేరులోని సిడ్నీ ఫార్బర్‌కు తెలుగునాటితో పరోక్ష బంధం ఉంది. లుకేమియా సోకిన పిల్లలకు మందుతో ఉపశమనం కలిగించవచ్చని ఆయన 1948లో ప్రపంచానికి చాటారు. అందుకు వాడిన అమినోప్టెరిన్‌ను తయారుచేసింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన బృందం. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ మెదడుకు సోకిన లింఫోమాలో వాడుతున్నారు.

గురి చూసి కొట్టే మందు

కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలన్నింటినీ దెబ్బతీస్తాయి. జుట్టు రాలడం, నోరు పూయడం, రక్తకణాలు తగ్గడం అందువల్లనే. సీడీ20ని మాత్రమే పట్టుకునే ప్రతిరక్షకాన్ని బయట తయారుచేసి ఎక్కిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి పుట్టిందే ‘రిటుక్సిమాబ్’. ఇది కొంత ఎలుక ప్రోటీను, అధికభాగం మానవ ప్రోటీను కలిసిన ప్రతిరక్షకం. 1997 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. అమెరికాలో క్యాన్సర్ చికిత్సకు అనుమతి పొందిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ ఇదే.

రిటుక్సిమాబ్ నరం ద్వారా రక్తంలో చేరి సీడీ20కి అతుక్కుంటుంది. ఆ కణాన్ని శరీరంలోని ఇతర రక్షక కణాలు శత్రువుగా గుర్తించి చంపుతాయి. రక్తంలో ఉండే ‘కాంప్లిమెంట్’ ప్రోటీన్లు కణపు పొరకు రంధ్రాలు చేస్తాయి. సీడీ20 జంటలుగా ఉంటుందని, ఒక్కో జంటకు రెండు ప్రతిరక్షకాలు అతుక్కుంటాయని 2020లో అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో తేలింది.

దీనివల్ల ఎంత మేలు జరిగిందో 2002లో వెలువడిన ఫ్రాన్స్ బృందం అధ్యయనం లెక్కలతో చూపింది. ‘డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా’ వేగంగా ముదిరే రకం. ఈ వ్యాధి ఉన్న 60 నుంచి 80 ఏళ్ల మధ్య వయస్కులు 399 మందిని రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు ‘చాప్’ అని పిలిచే నాలుగు మందుల చికిత్స ఇచ్చారు. రెండో జట్టుకు దానితోపాటు రిటుక్సిమాబ్ కలిపారు. వ్యాధి జాడ లేకుండా పోయినవారు మొదటి జట్టులో 63 శాతం కాగా, రెండో జట్టులో 76 శాతం. రెండేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు 57 శాతం, 70 శాతం. పదేళ్లకు చూసినా ఆ తేడా చెరగలేదు. మొదటి జట్టులో సుమారు 28 శాతం, రెండో జట్టులో సుమారు 44 శాతం మంది బతికి ఉన్నారు. అప్పటి నుంచి ‘ఆర్-చాప్’ ప్రామాణిక చికిత్స అయింది. సాధారణంగా 21 రోజులకు ఒకసారి చొప్పున ఆరు విడతలు ఇస్తారు.

హైదరాబాద్ మలుపు

మందు ఉన్నా సామాన్యుడికి అందకపోతే ప్రయోజనం లేదు. రిటుక్సిమాబ్ వంటివి రసాయనాలు కలిపి చేసే మాత్రలు కావు. హ్యామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు కణాలలో ప్రతిరక్షక జన్యువును చొప్పించి, పెద్ద తొట్టెలలో ఆ కణాలను పెంచి, అవి విడుదల చేసే ప్రోటీనును శుద్ధిచేయాలి. అందుకే విదేశీ మందు ధర సాధారణ కుటుంబాలకు అందనంత ఎత్తులో ఉండేది.

2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ‘రెడిటక్స్’ పేరుతో రిటుక్సిమాబ్‌కు సదృశమైన మందును మన దేశంలో విడుదల చేసింది. ధర మూల మందులో దాదాపు సగం. ఇటువంటి సదృశ ఔషధాలను ‘బయోసిమిలర్’ అంటారు. ప్రపంచంలో రిటుక్సిమాబ్‌కు వచ్చిన మొదటి సదృశ ఔషధం ఇదే. ఐరోపాలో అటువంటి మందుకు అనుమతి లభించింది 2017లో, అమెరికాలో 2018లో. అంటే మన దేశం పదేళ్లు ముందుంది. 2015లో హైదరాబాద్‌కే చెందిన హెటిరో సంస్థ కూడా ఇదే మందును ‘మాబాల్’ పేరుతో తెచ్చింది. పోటీ పెరిగినకొద్దీ ధర మరింత దిగింది. అదే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిటుక్సిమాబ్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

సదృశ ఔషధమంటే అచ్చంగా అదే మందు కాదు. జీవకణాలలో తయారయ్యేవి ఒక అచ్చులో పోసినట్లు ఉండవు. అందుకే మూల మందుతో పోల్చి నాణ్యత, భద్రత, పనితీరు రుజువు చేయాలి. ఇందుకోసం మన దేశంలో ప్రత్యేక మార్గదర్శకాలు 2012లో వచ్చాయి. 2016లో వాటిని సవరించారు.

క్షయ అనుకుని కాలయాపన

మందు చౌక అయినా రోగికి సకాలంలో చేరకపోవడానికి మరో కారణం ఉంది. మెడలో బిళ్ళలు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం.. ఈ లక్షణాలు క్షయలోనూ ఉంటాయి, లింఫోమాలోనూ ఉంటాయి. మన ప్రాంతంలో క్షయ ఎక్కువ. దాంతో ముక్క పరీక్ష లేకుండానే క్షయ మందులు మొదలుపెట్టి నెలల తరబడి వేచిచూసే సందర్భాలు ఎదురవుతుంటాయి. వేగంగా పెరిగే లింఫోమాలో ఆ నెలలే ప్రాణాలకు విలువైనవి.

సన్నని సూదితో నీరు తీసి చేసే పరీక్ష తొలి అంచనాకు ఉపయోగపడుతుంది. కానీ లింఫోమా నిర్ధారణకు సాధారణంగా అది చాలదు. వీలైతే బిళ్ళను పూర్తిగా తీసి, లేదా మందపాటి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. ప్రయోగశాలలో ఆ ముక్కను మైనపు దిమ్మెలో అమర్చి, పలుచని పొరలుగా కోసి అద్దాల మీద పరుస్తారు. తర్వాత సీడీ20ని పట్టుకునే ప్రతిరక్షకంతో రంగు వేస్తారు. కణాల అంచులు గోధుమరంగులోకి మారితే గుర్తు ఉన్నట్లు. ‘ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ’ అనే ఈ పరీక్ష ఫలితంలో ‘సీడీ20 పాజిటివ్’ అని వస్తేనే రిటుక్సిమాబ్ ప్రసక్తి. టీ కణాల నుంచి పుట్టే లింఫోమాలలో, హాడ్జ్‌కిన్ లింఫోమాలలో ఎక్కువ భాగం ఈ గుర్తు ఉండదు. అటువంటివారికి ఆ మందు ఎక్కించడం ఖర్చు తప్ప ఫలితం కాదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. వాపు తగ్గడానికని ముక్క పరీక్షకు ముందే స్టెరాయిడ్ మాత్రలు వాడితే బిళ్ళలు తాత్కాలికంగా కరుగుతాయి. రోగి నయమైందని సంబరపడతాడు. వ్యాధి మాత్రం దాక్కుంటుంది. తర్వాత తీసిన ముక్కలో కూడా స్పష్టత రాదు.

మందుకు ముందు చూడవలసినవి

రిటుక్సిమాబ్ ప్రారంభించే ముందు హెపటైటిస్-బి పరీక్ష చేయించాలి. గతంలో ఆ వైరస్ సోకి అణగి ఉన్నవారిలో బీ కణాలు తగ్గగానే అది తిరగబెట్టి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. దీనిపై అమెరికా నియంత్రణ సంస్థ 2013లో గట్టి హెచ్చరిక జారీ చేసింది. పరీక్షలో వైరస్ జాడ బయటపడితే మందును వదులుకోనవసరం లేదు. దానిని అణచే మాత్రలు ముందుగా వాడితే సరిపోతుంది.

మొదటి విడత ఎక్కించేటప్పుడు చలి, జ్వరం, దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు. అందుకే మొదటిసారి గంటల తరబడి నెమ్మదిగా, ఆసుపత్రిలోనే ఎక్కిస్తారు. చికిత్స కాలంలోనూ, ఆ తర్వాత కొన్ని నెలలూ టీకాలకు శరీరం సరిగా స్పందించదు. అవసరమైన టీకాలేవో వైద్యులను ముందే అడిగి వేయించుకోవడం మేలు.

జన్యువే పనిచేయకపోతే

సీడీ20 శరీరానికి నిజంగా చేసే పని ఏమిటన్న ప్రశ్నకు 2010లో కొంత జవాబు దొరికింది. రక్తసంబంధీకుల వివాహంలో పుట్టిన ఒక బాలికకు ఎంఎస్4ఏ1 జన్యువు రెండు ప్రతులలోనూ లోపం ఉన్నట్లు నెదర్లాండ్స్ పరిశోధకులు గుర్తించారు. ఆమెలో బీ కణాల సంఖ్య మామూలుగానే ఉంది. కానీ ప్రతిరక్షకాలు తక్కువ. తరచూ అంటువ్యాధులు సోకేవి. కొన్ని రకాల సూక్ష్మజీవులపై ప్రతిరక్షకాలు తయారుకావడానికి సీడీ20 అవసరమని దాంతో తేలింది.

మేనరికాలు ఇప్పటికీ కొనసాగుతున్న రాయలసీమకు ఈ ఉదంతంలో ఒక పాఠం ఉంది. తల్లిదండ్రులిద్దరికీ ఒకే పూర్వీకుని నుంచి ఒకే లోపం సంక్రమిస్తే, బిడ్డకు రెండు ప్రతులూ లోపంతో వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ జన్యులోపం అత్యంత అరుదు. కానీ పసిపిల్లలకు న్యుమోనియా, చెవిలో చీము పదేపదే వస్తుంటే రోగనిరోధక లోపం ఉందేమో పరీక్షించడం అవసరం. లింఫోమా విషయంలో మాత్రం భయం వద్దు. అది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి తిన్నా, పక్కన పడుకున్నా సోకదు. చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు.

గుర్తు మాయమైతే..

కొందరిలో వ్యాధి తిరగబెట్టినప్పుడు కణాలు సీడీ20ని వదిలేసి తప్పించుకుంటాయి. అందువల్ల వ్యాధి మళ్లీ వస్తే మళ్లీ ముక్క తీసి గుర్తు ఉందో లేదో చూడటం మంచిదని నిపుణులు సూచిస్తారు. గుర్తు ఉంటే, ఒక చేత్తో సీడీ20ని, మరో చేత్తో టీ కణాన్ని పట్టుకుని రెండింటినీ దగ్గరకు చేర్చే కొత్త తరం ప్రతిరక్షకాలు 2022 తర్వాత అందుబాటులోకి వచ్చాయి. గుర్తు లేకపోతే బీ కణాలపైనే ఉండే సీడీ19 అనే మరో ముద్రకు గురిపెట్టవచ్చు. రోగి టీ కణాలనే బయటకు తీసి, వాటికి సీడీ19ని గుర్తించే జన్యువును అమర్చి తిరిగి ఎక్కించే ‘కార్-టీ’ చికిత్సను ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి రూపొందించాయి. దీనికి 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని జాతికి అంకితం చేశారు. విదేశాలకంటే ఖర్చు ఎంతో తక్కువైనా సామాన్యునికి ఇంకా భారమే.

డోన్ నుంచి దారి ఎటు?

జాతీయ రహదారి, రైల్వే జంక్షన్ ఉన్న డోన్‌కు పెద్దాసుపత్రులు చేరరానంత దూరంలో లేవు. 2022లో నంద్యాల జిల్లాలో కలిసినా ఇక్కడివారు పెద్ద వైద్యానికి ముందుగా వెళ్లేది కర్నూలు సర్వజన వైద్యశాలకే. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. క్యాన్సర్‌కు ప్రత్యేకించిన ఆసుపత్రులలో హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, బెంగళూరులోని కిద్వాయ్ సంస్థలు ప్రభుత్వ రంగంలోనివి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఏ రకం లింఫోమాకు, ఏ మందుకు, ఎన్ని విడతలకు పథకం వర్తిస్తుందో చికిత్స ప్రారంభానికి ముందే ఆసుపత్రిలోని పథకం సహాయక కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

గుర్తుంచుకోండి

- నొప్పిలేని బిళ్ళ మూడు, నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే వైద్యునికి చూపించాలి.
- క్షయ అని చెబితే ఏ పరీక్ష ఆధారంగా అన్నది అడగాలి. మందులు వాడుతున్నా బిళ్ళ పెరుగుతుంటే ముక్క పరీక్షకు పట్టుబట్టాలి.
- ముక్క పరీక్షకు ముందు సొంతంగా స్టెరాయిడ్లు వాడరాదు.
- నివేదికలో సీడీ20 ఫలితం రాశారో లేదో చూడాలి. మైనపు దిమ్మె, అద్దాలు, నివేదిక భద్రపరచుకోవాలి. మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మళ్లీ కోత లేకుండా వాటితోనే పరీక్ష జరిపించుకోవచ్చు.
- విడతల మధ్య బిళ్ళ కరిగిందని చికిత్స మానరాదు. మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది.

లింఫోమా నయం చేయదగిన క్యాన్సర్లలో ఒకటి. వేగంగా ముదిరే రకాలకు కూడా ఇది వర్తిస్తుంది. మందు హైదరాబాద్‌లోనే తయారవుతోంది. దానికి దారి చూపే గుర్తు రోగి మెడలోని బిళ్ళలోనే ఉంది. కావలసినదల్లా ఆ బిళ్ళను సకాలంలో ప్రయోగశాలకు చేర్చడమే.